తొమ్మిది రోజుల్లో ఒక ఆదివారం

మా వంటింటి గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి మరాఠీ కాలనిర్ణయ్. ఏటా జనవరిలో ఇక్కడే బల్లార్‌పూర్ బజార్లో కొంటం. రెండోది తెలుగుది. సంక్రాంతికి ముందు మా అక్క మంచిర్యాల నుంచి పట్టుకొస్తది. మా అమ్మకు రెండూ చదవరావు. అంకెలు మాత్రం వస్తయి. వినాయకుణ్ని సాగనంపి, ఇల్లు కడుక్కున్నంక ఆమె అడిగే మొదటి మాట ఏటా ఒకటే.

"పెత్రమాస ఏ వారం పడ్డది బిడ్డా?"

తారీకు అడగదు. వారం అడుగుతది. మా బిడ్డ కాలనిర్ణయ్ ముందు నిలబడి వేలు పెట్టి చూసి చెప్పింది: "ఇరవై ఒకటి బాపమ్మా, ఆదివారం."

అమ్మ వేళ్ల మీద లెక్క పెట్టుకున్నది. ఆదివారం నుంచి మళ్లీ ఆదివారం దాకా. "అయితే ఇరవై ఎనిమిది" అన్నది. "మీ అత్తకు ఫోన్ కలుపు."

ఆ లెక్క ఏందో, అది మా ఇంట్లకు ఎట్ల వచ్చిందో చెప్పుదామనే ఈ నాలుగు మాటలు. మన బస్తీల్లో ముసలమ్మలు ఉన్న ఇండ్లల్లో చాలామందికి ఇది తెలిసిన కష్టమే.

తిథులు ఒకటే, సెలవులు వేరు

మరాఠీ వాళ్ల పంచాంగం, మన పంచాంగం రెండూ అమావాస్యతో నెల ముగించేవే. రెండింటికీ శాలివాహన శకమే. అందుకే వాళ్ల గుడి పాడ్వా, మన ఉగాది ఒకే రోజు. వాళ్ల నవరాత్రి మొదలయ్యేది మన ఎంగిలి పూల బతుకమ్మ తెల్లారే. దసరా ఒకటే. దీపావళి అమావాస్య ఒకటే. పండుగల విషయంలో దేవుడు మనల్ని వేరు చేయలేదు.

వేరు చేసింది బడి గంట. తెలంగాణలో పెద్ద సెలవులు దసరాకు. పోయినేడు, అంటే 2024లో, అక్టోబర్ 2 నుంచి 14 దాకా ఇచ్చిన్రు. ఈ 2025లో సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 దాకా. రెండుసార్లూ పదమూడు రోజులు. బతుకమ్మ మొదటి పువ్వు నుంచి జమ్మి ఆకు దాకా పిల్లలు ఇంట్లనే ఉంటరు. దీపావళికి వాళ్లకు ఒక్క రోజు.

మహారాష్ట్రలో తిరగబడి ఉంటది. దసరాకు ఒక్క రోజు. పెద్ద సెలవులు దీపావళికి, రెండు వారాలు అటూ ఇటూ. ఆ సెలవులకు ముందు మొదటి సత్రం పరీక్షలు. అంటే అక్కడి పిల్లలు పువ్వులు తెంపే దినాలల్ల మన పిల్లలు పుస్తకం ముందు కూసుంటరు. ఈ ఏడాది అయితే దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే పడ్డది. ఉన్న రెండు సెలవులు ఒకటైనయ్. మా చిన్నోడు అది చూసి దొంగలు పడ్డట్టు మొఖం పెట్టిండు.

విజయదశమి నుంచి దీపావళి అమావాస్యకు ఇరవై తిథులు. క్యాలెండర్ మీద ఒకటి రెండు రోజులు తక్కువైనా కావచ్చు. బల్లార్షా నుంచి మంచిర్యాలకు ఎక్స్‌ప్రెస్ బండిల రెండు గంటల చిల్లర. రైలు దూరం పెద్దది కాదు. ఆ ఇరవై రోజుల దూరమే పెద్దది. అది దాటలేకనే మా అమ్మ మనుమలు, మనుమరాండ్లు పండుగ పూట ఒక్క కాడ కూడలేకపోయిన్రు.

ఎండకాలం సెలవులల్ల కలవరా అని అడుగుతరు. కలుస్తరు. మే నెలల చాందా ఎండ మీకు తెలువనిది కాదు. పొద్దున తొమ్మిది దాటితే గడప దాటనియ్యం. కూలర్ ముందు పండుకొని ఫోన్ చూసుకుంటరు. అది కలుసుడు గని పండుగ కాదు.

గీత మీది బతుకులు

ఈ గీత ఎప్పుడూ ఇక్కడ లేదు. వర్ధా దాటితే రాజురా. 1956 దాకా అది హైదరాబాద్ రాజ్యంల, ఆదిలాబాద్ జిల్లాల ఉండె. భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు అది ఇటు వచ్చింది, ముందు నాందేడ్ కింద, 1959ల మన చాందా కింద. మా అమ్మ పుట్టిల్లు ఆసిఫాబాద్ దిక్కు. వాళ్ల అమ్మ కాలంలో రాజురా సంతకు పోవుడంటే సొంత జిల్లాల తిరిగినట్టే.

కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు దారి పడ్డంక, 1929 నుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడిచినంక, కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు జనం పని వెతుక్కుంట ఇటు ఎక్కిన్రు. కాగితం మిల్లుల వెదురు దించే పని, బొగ్గు బావుల పని, ఆ తర్వాత సిమెంట్ ఫ్యాక్టరీల పని. మా తాత వెదురు బండ్ల కాడ చేరిండు. మా నాయిన మిషన్ మీద చేసి రిటైర్ అయిండు. నేను అదే గేటు లోపల మూడో తరం. మా అక్కను సింగరేణి మనిషికి ఇచ్చినం, మంచిర్యాల పక్క శ్రీరాంపూర్ ఏరియాల బావ పని. ఒక్క కుటుంబం, రెండు రాష్ట్రాలు, రెండు బడులు, రెండు జీతాల లెక్కలు. నడుమ ఒక ముసలమ్మ.

పొద్దుగాల నాలుగున్నర

పండుగ ముందు నెలల మా ఇంట్ల ఎవరికన్నా ఎక్కువ పని ఆమెకే. ఫస్ట్ షిఫ్ట్ వారం వస్తే నాలుగున్నరకే లేస్తది. జొన్నరొట్టెల చప్పుడుకే నాకు మెలకువ. నా డబ్బా అయినంక పిల్లల డబ్బాలు. కోడలు చెయ్యదా అంటే, ఆమెది వేరే కథ. నా భార్య ఇంట్లనే మిషన్ కుడుతది. నవరాత్రి వస్తుందంటే మరాఠీ ఆడవాళ్లకు తొమ్మిది రోజులకు తొమ్మిది రంగులు. ఏ రోజు ఏ రంగో చూసుకొని జాకెట్ గుడ్డలు తెస్తరు. మన తెలుగోళ్లు సద్దుల నాటికి పట్టు జాకెట్ అడుగుతరు. ఏడాదిల మూడొంతుల సంపాదన ఈ రెండు నెలలల్లనే.

"నువ్వు మిషన్ దిగకు, పొయ్యి నేను చూసుకుంట" అంటది అమ్మ.

"మీకు మోకాళ్ల నొప్పులు కదా అత్తమ్మా" అంటే, "మోకాళ్లతోని వండుతనా, చేతులతోని వండుత" అంటది.

ఆమెకు అరవై ఎనిమిది నడుస్తున్నయ్. మోకాళ్లు పోయినేటి నుంచి బాగా తక్కువైనయ్. మెట్టు ఎక్కితే గోడ పట్టుకుంటది. నలుగురు చూస్తే మాత్రం చెయ్యి తీసేస్తది.

పదకొండు గంటలకు వంట సందు దొరికితే మంచం మీద కూసొని పండుగ పని మొదలు పెడుతది. నువ్వులు ఏరుడు. పల్లీలు వేయించి పొట్టు ఊదుడు. సత్తు పిండికి మక్కలు, పెసర్లు వేరు వేరు దోరగా వేయించుడు. మలీద ముద్దలకు బెల్లం ఏ దుకాణంల మంచిదో విచారణ. పక్క ఇంటి మరాఠీ మావుషి వచ్చి కూసుంటది. ఈమెది తెలుగు మరాఠీ, ఆమెది మరాఠీ తెలుగు. నలభై ఏండ్ల నుంచి ఒకరి మాట ఒకరికి తెలువకుండా పోలేదు. దీపావళికి చక్లీ పిండి ఎట్ల కలపాలో ఆమె దగ్గరే అమ్మ నేర్చుకున్నది. మన మలీద ఆమె ఇంటికి పోతది. ఆమె కరంజీలు మా ఇంటికొస్తయి.

గల్లీల ఇంకో లెక్క కూడ నడుస్తది. డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల దీక్ష తీసుకొని, 16న మన చాందాకు వచ్చి ఇక్కడి జనానికి దీక్ష ఇచ్చిన్రు. ఏటా ఆ రోజులకు దీక్షాభూమికి జనం వస్తరు. మా వరుసల సగం ఇండ్లకు అదే పెద్ద పండుగ. ఆ ఇండ్ల తాళంచెవులు ఆ రెండు రోజులు అమ్మ కొంగుకే ఉంటయి. "ఎవలి పండుగ వాళ్లకు. తాళం మాత్రం నాకు" అని నవ్వుతది.

పైసలు కూడ ఆలస్యమే

సెలవుల తీరే పైసల తీరు. మిల్లులల్ల బోనస్ చేతికొచ్చేది దీపావళికి. 1965 నాటి బోనస్ చట్టం ప్రకారం లెక్కల సంవత్సరం అయిపోయిన ఎనిమిది నెలలల్ల బోనస్ ఇయ్యాలని ఉండె. మార్చి 31కి లెక్క మూస్తే నవంబర్ 30 దాకా గడువు. అందుకే ఇటు దిక్కు అంతట దీపావళికి ముందర ఇచ్చుడు ఆనవాయితీ అయింది. దసరాకు మనది ఖాళీ చెయ్యి. అటు సింగరేణిల లాభాల వాటా చాలా ఏండ్లు దసరా ముందరే పడుతది. బావ ఇంట్ల దసరాకు కొత్త బట్టలు వస్తే, మా ఇంట్ల దసరాకు ఉద్దెర వస్తది.

(సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కాంట్రాక్టు మీద చేసే తమ్ముళ్లు చాలామంది తమకు బోనస్ లేదనుకుంటరు. చట్టంల పర్మనెంట్, కాంట్రాక్టు అన్న తేడా లేదు. 1965 చట్టం లెక్కన ఏడాదిల కనీసం 30 రోజులు పని చేసి, నెల జీతం ₹21,000 మించకపోతే, 8.33 శాతానికి తక్కువ కాకుండా రావాలని ఉండె. ఎక్కువల ఎక్కువ 20 శాతం. హాజరు చీటీలు దాచుకోండ్రి.)

మా అమ్మకు నాయిన పేరు మీద పింఛన్ వస్తది. ప్రావిడెంట్ ఫండ్ పింఛన్ల కనీసం ₹1,000 అని 2014 సెప్టెంబర్ల పెట్టిన్రు. ఆమెకు వచ్చేది దానికి కొంచెం పైన. అందుల నెలకు ₹200 ఒక పాల పౌడర్ డబ్బాల వేస్తది. మందుల నెల బరువైనా వేస్తది. ఏడాదికి ₹2,400. ఐదుగురు పిల్లలు, నావి ఇద్దరు, అక్కవి ముగ్గురు. ఒక్కొక్కరికి ఐదు వందలు కూడ రాదు.

"దీపావళికి బోనస్ వచ్చినంక అందరికి ఒక్కసారే కొందాం అమ్మా" అని నేనే ఒకసారి అన్న.

"దీపావళికి నువ్వు కొను. బతుకమ్మకు నేను కొంట" అన్నది. ఆ మాట మీద మళ్లీ నేను నోరు తెరవలేదు. ఆ డబ్బా సెప్టెంబర్‌ల తెరుస్తది. మంచిర్యాల ముగ్గురికీ, ఇక్కడి ఇద్దరికీ ఒక్క తాను నుంచి గుడ్డ తీస్తది. నా భార్య రాత్రిపూట కుడుతది. ఆడపిల్లలకు లంగాలు, మగపిల్లలకు అంగీలు. దూరం నుంచి చూస్తే బ్యాండ్ వాళ్ల లెక్క ఉంటరు. ఐదుగురు ఒక్క ఇంటోళ్లని ఎవరూ అడగక్కరలేదు.

పువ్వు ఎట్నుంచి రావాలె

అమ్మ కొత్త కోడలుగ వచ్చినప్పుడు తెల్లారకముందే నలుగురైదుగురు ఆడవాళ్లు బుట్టలు పట్టుకొని ఊరి బయట చేన్ల గట్లకు పోయేవాళ్లట. జొన్న చేన్ల నడుమ గునుగు తెల్లగ మెరిసేదట. గుట్ట పక్కన తంగేడు. పొద్దెక్కేసరికి బుట్టలు నిండేవి.

ఇప్పుడు చేన్లల్ల గడ్డి మందు కొడుతున్నరు, గునుగు తగ్గింది. తంగేడు ఉన్న కాడికి పోదామంటే పులి భయం. తాడోబా మనకు దూరం కాదు. 1955ల నేషనల్ పార్క్ అయింది, 1995ల అంధారితోని కలిపి పులుల అభయారణ్యం చేసిన్రు. పులులు పెరిగినయ్, సంతోషమే. కని అవి గీత లోపల ఉండవు. చంద్రపూర్ థర్మల్ స్టేషన్ పొదలల్లకు, దుర్గాపూర్ బొగ్గు గని దిక్కుకు వస్తున్నయని మనకు తెలుసు, మనుషుల ప్రాణాలు పోయినయ్. వంగి పువ్వు తెంపే ఆడమనిషి వెనుక నుంచి జింక లెక్క కనబడుతదని ఫారెస్టోళ్లు చెప్పుతరు. అందుకే మా గల్లీల ఒంటరిగ పువ్వుకు పోవద్దని కట్టు చేసుకున్నం. పోతే పదిమంది, ఇద్దరు మగవాళ్లు, చేతుల డప్పు. అదీ ఎండ వచ్చినంకనే.

బజార్ల బంతి దొరుకుతది, చామంతి దొరుకుతది. అమ్మ అవి పెడుతది గని ఆమె మనసు నిండదు. "తంగేడు లేని బతుకమ్మ బొట్టు లేని మొఖం" అంటది. ఆ తంగేడు, ఆ గునుగు ఇప్పుడు రైలెక్కి వస్తయి. అక్క తెల్లారి మందమర్రి దిక్కు నుంచి తెప్పించి, తడిగుడ్డల చుట్టి, సంచిల పెట్టుకొని బండెక్కుతది. కాగజ్‌నగర్, సిర్పూర్, మాకుడి, విరూర్, మాణిక్‌గఢ్... వర్ధా వంతెన మీద బండి మోగేసరికి అమ్మకు ఫోన్ చేస్తది. "అమ్మా, పువ్వు బతికే ఉన్నది."

మూసిన తలుపు

ఇవన్నీ ఒక దారికి రాకముందు ఒక ఏడు ఉన్నది. దాన్ని మేము మరువలేదు.

అప్పుడు మా బిడ్డ ఐదో తరగతి. సద్దుల బతుకమ్మకు అక్క ముగ్గురు పిల్లల్ని తీసుకొని నాలుగు రోజులుందామని వచ్చింది. మా బిడ్డకు తెల్లారే గణితం పరీక్ష. నేను సెకండ్ షిఫ్ట్. నా భార్య చేతుల సద్దులకు ఇయ్యాల్సిన పన్నెండు జాకెట్లు. బిడ్డను లోపలి అర్రల కూసోబెట్టి తలుపు మూసినం. బయట అక్క పిల్లలు కాసేపు తలుపు కొట్టి, మందలిస్తే ఊకున్నరు. వాకిట్ల అమ్మ, అక్క, ఇంకో ఇద్దరు ముసలమ్మలు. నాలుగు చుట్లు తిరిగి బతుకమ్మను సాగనంపిన్రు. తెల్లారి బిడ్డ పరీక్ష రాసి వచ్చేసరికి అక్క బండికి బయలుదేరింది. అత్తగారింట్ల దసరా చెయ్యాలె కదా.

నేను రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరితే అమ్మ చీకట్ల అరుగు మీద కూసొని ఉన్నది. అన్నం తిన్నవా అంటే జవాబు లేదు. కొంచెంసేపటికి అన్నది: "ఇల్లు నిండ మనుషులున్నరు కొడుకా. పండుగ లేదు."

ఎవరి తప్పు అని వెతికితే ఎవరిదీ కాదు. పరీక్ష వద్దందామా? మన పిల్లలు చదివితేనే గదా మన లెక్క షిఫ్టుల బతుకు తప్పేది. జాకెట్లు వద్దందామా? అక్కను దసరాకు ఇక్కడనే ఉండమందామా? అన్నీ సరిగ్గానే ఉన్నయ్, కలిపితే మాత్రం మూసిన తలుపైంది.

మరుసటేడు అక్కను రమ్మనలేదు. ఫోన్‌ల మాట్లాడుకున్నరు. ఆ ఏడు అమ్మ చిన్న బతుకమ్మను పేర్చి, రెండు చుట్లు తిరిగి లోపలికొచ్చి పండుకున్నది. అప్పుడు అర్థమైంది నాకు, ఇది ఇట్లనే పోతే ఆమెతోనే అయిపోతదని.

అమ్మ చేసిన లెక్క

దారి చూపింది చదువుకున్న మేము కాదు. అమ్మనే. ఒక పొద్దున రొట్టె కాల్చుకుంట అన్నది: "బతుకమ్మ తొమ్మిది రోజులు. వారానికి ఏడు రోజులు. తొమ్మిది రోజులల్ల ఒక ఆదివారం రాక యాడికి పోతది?"

అంతే. మేము ఇన్నేండ్లు సద్దుల రోజే పట్టుకొని వేలాడినం. అది ఏ వారం పడుతదో మన చేతుల లేదు. తొమ్మిది రోజుల నడుమ ఆదివారం మాత్రం తప్పకుండ ఉంటది. ఆ రోజు ఇక్కడి పిల్లలకు బడి లేదు, అక్కడి పిల్లలకు సెలవులే. అక్క శనివారం సాయంత్రం బండికి వచ్చి, సోమవారం పొద్దున పోతే సద్దులకు, దసరాకు అత్తగారింట్ల ఉండొచ్చు.

గల్లీల పెద్దమనుషులు కొందరు ఒప్పుకోలేదు. పెద్ద బతుకమ్మ అంటే సద్దుల నాడే, ముందర చేసుడేంది అన్నరు. అమ్మ వాదం పెట్టుకోలేదు. "సద్దుల నాడు సద్దుల బతుకమ్మను నేను చేస్త, ఎవలు రాకున్నా చేస్త. ఆదివారం పిల్లల బతుకమ్మ" అన్నది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు కదా, ఆదివారం ఆ రోజే పడితే ఎట్ల అని ఒకాయన మెలిక పెట్టిండు. "ఆమె అలిగిన రోజు మేము శనివారం ఆడుతం. అలిగినోళ్లను బతిమాలుకునుడు నాకు తెల్వదా, నలభై ఏండ్లు కాపురం చేసిన" అన్నది. అందరు నవ్విన్రు. మాట అయిపోయింది.

మొదటి ఏడు మా ఇల్లు, ఇంకో రెండిండ్లు. పోయినేడు అక్టోబర్ 6 ఆదివారం నాడు లెక్క పెడితే పదకొండు బతుకమ్మలు. మావుషి మనుమరాండ్లు కూడ వచ్చిన్రు, వాళ్ల భోండ్లా ఆట మన ఆట దగ్గర దగ్గరే కదా, చుట్టు తిరిగి పాడుడే.

దేవనాగరిల తెలుగు పాట

ఇంకొక చిక్కు మిగిలింది. పాట. చప్పట్లు అందరికొస్తయి, పాట ఎత్తేది ఒక్క అమ్మనే. ఆమెకు ఊపిరి ఆడుతలేదు. మా బిడ్డకు తెలుగు మాట్లాడొస్తది, రాయరాదు. బడిల మరాఠీ, హిందీ, ఇంగ్లీష్. అక్క బిడ్డలకు రాయొస్తది గని వాళ్లకు పాటలు రావు, అక్కడ స్పీకర్ పెట్టి ఆడుతరు.

పోయిన ఎండకాలం ఒక రోజు మా బిడ్డ పాత నోట్‌బుక్ తెచ్చి, "బాపమ్మా, చెప్పు, నేను రాస్త" అన్నది. మరాఠీ అక్షరాలల్ల రాసింది. అమ్మ ఒక్కో మాట పాడుకుంట చెప్పుడు, ఈమె రాసుడు. మాటల్లాగ చెప్పమంటే అమ్మకు రాదు, పాడితేనే వస్తది. నడుమ ఆపితే మళ్లీ మొదటి నుంచి. ఎనిమిది పాటలకు పదిహేను రోజులు పట్టినయ్.

రాసినంక చదివితే నవ్వే నవ్వు. దేవనాగరిల పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. చెరువు "చేరువు" అయింది, కొడుకు "కోడుకు" అయిండు. అమ్మ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. "నా కొడుకును అంత పొడుగు సాగదీస్తివేందే" అన్నది. అప్పుడు అక్క చిన్న బిడ్డ వీడియో కాల్‌ల చూసి ఉపాయం చెప్పింది: పొట్టిగ పలికే కాడ అక్షరం కింద చుక్క పెట్టు. ఇప్పుడు ఆ నోట్‌బుక్ నిండ చుక్కలే. బల్లార్‌పూర్ పిల్ల రాసిన పాటకు మంచిర్యాల పిల్ల పెట్టించిన చుక్క. పదేండ్లు కలిపి ఆడని పిల్లలు అట్ల ఒక పుస్తకం చేసిన్రు.

ఈసారి అమ్మ చుట్టు తిరగదు. డాక్టర్ వద్దన్నడు. కుర్చీ వేసి నడుమ కూసోబెడుతం. పాట ఎత్తేది మా బిడ్డ. "తప్పితే నేనున్న" అన్నది అమ్మ. అంతకుమించి ధైర్యం ఎవరిస్తరు?

మిగిలిన సగం దీపావళికి

ఈ ఏడు రెండు క్యాలెండర్లు ఒక కాడ తప్పినయ్. దీపావళి తెలంగాణల అక్టోబర్ 20, ఇక్కడ లక్ష్మీపూజ 21. అమావాస్య రెండు రోజుల మీద పడ్డది కాబట్టి. అమ్మకు అది కూడ కలిసొచ్చింది. "వాళ్లు ముందు రోజు దీపాలు పెట్టుకొని తెల్లారి ఇక్కడికి రావచ్చు" అన్నది. రారు, అక్కడ పరీక్షలు. అయినా లెక్క చేసుకుంటది.

భావుబీజ్ నాడు మేమే పోతం. మా పిల్లలకు సెలవులు, అక్క చేతి అన్నం నాకు. అక్కడ అక్క పిల్లలు బడికి పోతే మా పిల్లలు ఇంట్ల కూసొని వాళ్ల కోసం ఎదురుచూస్తరు. అద్దంల చూసినట్టు అంతా తిరగబడి ఉంటది. సాయంత్రం నాలుగున్నరకు బడి గంట కొట్టినంక రెండు గంటల ఆట. అది చాలదు. చాలదని తెలిసే అమ్మ సెప్టెంబర్‌ల ఆ ఒక్క ఆదివారాన్ని అంత గట్టిగ పట్టుకుంటది.

పెత్రమాస నాడు పొద్దున నాయిన పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తం. సాయంత్రం ఎంగిలి పూల బతుకమ్మ. ఇరవై ఎనిమిది ఆదివారం మా గల్లీ మూల మీద, వేపచెట్టు కింద, ఐదు గంటలకు పిల్లల బతుకమ్మ. పువ్వు తక్కువైతే ఆకు పెట్టుకొని రండి, సిగ్గు లేదు. పాటల నోట్‌బుక్ జిరాక్స్ కాపీలు పది తీయించినం, దేవనాగరిల ఉన్నయ్. తెలుగు చదవడం వచ్చిన పిల్లలెవరైనా తెలుగుల ఎక్కించి ఇస్తే రెండు రకాలూ ఉంటయి.

మీ ఇంట్ల ముసలమ్మ ఉంటే ఈ వారంలనే క్యాలెండర్ ముందర కూసోబెట్టి అడగండి, ఏ రోజు కుదురుతదని. మనకన్నా ముందే ఆమె లెక్క చేసి పెట్టుకొని ఉంటది. అడిగేటోళ్లు లేకనే చెప్పి ఉండదు.